మోయని స్తంభాలు

మొన్న శుక్రవారం దోహాలో మెట్రో ఎక్కి అల్ వక్రాలో ఉంటున్న మా తమ్ముడి కొడుకు ఇంటికి వెళ్ళాను. వాడు ఇంజనీరు. సాయంత్రం నడకకు తీసుకెళ్ళి, ఒక కొత్త విల్లా ముందు నన్ను నిలబెట్టి, గుమ్మానికి అటూ ఇటూ ఉన్న తెల్లటి రోమన్ స్తంభాలు చూపిస్తూ, రెండు వేల ఏళ్ళయినా లోకం రోమన్లను వదల్లేదు చూడు పెదనాన్నా అని మురిసిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. వాడి తప్పేమీ లేదు, నా మంటకు కారణం వాడు పుట్టకముందు సంగతి.

ఖతర్‌లో ఉన్నా ఊళ్ళో అందరూ దుబాయ్ అనే అనుకునే రోజుల్లో, మా అక్క భర్తా నేనూ ఒకే కంపెనీలో చేరి, దోహాలోని నజ్మాలో ఒకే గదిలో ఉండేవాళ్ళం. బావ మేస్త్రీ, నేను ఆయనకు సిమెంటు కలిపి అందించేవాణ్ణి. మా ఇళ్ళలో స్తంభం అంటే దూలాన్ని మోసేది, పిల్లలు పట్టుకుని గిరగిరా తిరిగేది, అలిగిన పెద్దమనిషి వీపు ఆనించి కూర్చునేది. అది ఉత్తదే అయివుంటుందేమోనన్న అనుమానం మాకు కలలో కూడా రాదు.

ఒక విల్లా ముందువైపు పైన పూత పూస్తుండగా కింద నిలబడ్డ స్కాఫోల్డింగ్, అదే పరంజా, ఊగుతోందని, బావ దాన్ని పక్కనున్న స్తంభానికి తాడుతో బిగించి కట్టాడు. ఆ స్తంభం లోపల గాలి తప్ప ఏమీ లేదు, అచ్చుపోసిన పలచటి డొప్పను అందం కోసం మరలతో నిలబెట్టారంతే. అది ఊడి వచ్చింది, దానితో పాటు బావా కిందపడ్డాడు.

ఆసుపత్రి మంచం మీద కాలికి కట్టుతో పడుకుని ఆయన పదే పదే ఒకటే మాట, "స్తంభం గదరా, అది గూడ పడుతదని ఎవలన్న అనుకుంటరా?" అని. సూపర్‌వైజరు మాత్రం డెకరేషన్‌కు తాడు కట్టమని ఎవరు చెప్పారని మండిపడ్డాడు. అదే వారంలో యల్లా యల్లా, తొందరగా కానివ్వండి అంటూ కొత్త స్తంభం తెప్పించి నిలబెట్టారు, బావను మాత్రం అజాగ్రత్త మనిషని కాలు సరిగా అతుక్కోకముందే మా ఊరికి పంపేశారు. తప్పంతా నమ్మినవాడిదేనట! ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు మెల్లగా, రోమన్ల స్తంభాలు నిజంగానే బరువు మోశాయి పెదనాన్నా, కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి అన్నాడు. మరి వాళ్ళనుంచి మనం తెచ్చుకున్నదేమిటి, పై వేషమేనా అన్నాను నేను. ఆ రోమన్ మేస్త్రీలే వచ్చి చూస్తే ఈ డొప్పలను సిగ్గుతో తన్ని పడగొట్టరూ!

ఆ వేషం మా ఊరికీ వచ్చింది. దుబాయ్ స్తంభాలు కావాలని జనం బావ దగ్గరికే వచ్చేవారు. ఆయన ఇనుము వేసి నిండుగా పోస్తానని పట్టుబడితే, ఖర్చెందుకులే అని పట్నం నుంచి రెడీమేడ్‌వి కొనుక్కున్నారు, దాంతో అక్కడా ఆయన పని పోయింది. ఇప్పుడు మా ఊళ్ళో స్తంభాలు లేని ఇల్లు లేదు. పోయినసారి సెలవుకు వెళ్ళి బావతో కలిసి ఒక పెళ్ళింటికి వెళ్ళాను. వసారాలో ఆరు స్తంభాలున్నాయి. ఆయన కుంటుకుంటూ వాటిని దాటివెళ్ళి, నడిమధ్యన, దేనికీ ఆనకుండా కూర్చున్నాడు.