బ్రేకు మాస్టారు ప్రవక్తల్ని ముగించిన వైనం

మహనీయుల చరిత్రలు వాళ్ళు పుట్టిన ఘడియతో మొదలవుతాయి. ఈ మహనీయుడి చరిత్ర ఒక అలమరతో మొదలవుతుంది. దానికి తలుపులు లేవు. పెళ్ళయిన కొత్తలో ఆయనే స్వయంగా రంపం పట్టి, మేకులు కొట్టి, వంటింటి గోడకు ఆనించి నిలబెట్టాడు. తలుపులు వచ్చే వారం అన్నాడు. ఆ వచ్చే వారం ఇరవై తొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉంది.

ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. నేర్చుకునేవాళ్ళు చక్రం దగ్గర కూర్చుంటారు, ఆయన పక్కన కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. ఊళ్ళో కొన్ని వందల గోడలు, దీపస్తంభాలు ఇంకా నిటారుగా నిలబడి ఉన్నాయంటే అది ఆ పాదం చలవే. అందుకే అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారు అనేవారు. అసలు పేరు భార్యకు గుర్తుండేది గాని ఆవిడ కూడా "ఏవండీ" తోనే సరిపెట్టుకునేది.

నేర్చుకునే ప్రతి మనిషికీ ఇరవై గళ్ళ కార్డు ఒకటి ఇస్తాడు. ఒక్కో పాఠానికి ఒక్కో గడి. ఈ గళ్ళ విషయంలో మాస్టారు యముడు. పక్కన కూర్చుని చూసిన పాఠానికి టిక్ పెట్టడు. వానొచ్చి సగంలో ఆగినదానికి పెట్టడు. ఒకాయన తన కొడుకు కార్డులో రెండు గళ్ళు ఊరికే నింపమని బతిమాలితే, ఆ కార్డునే నాలుగు ముక్కలు చేసి ఆయన జేబులో పెట్టి పంపించాడు.

మాస్టారు యూదుడు. ఏడేళ్ళ కిందట వాళ్ళ సమాజమందిరంలో, వాళ్ళ గురువైన రబ్బీగారు ఒక మాట అన్నారు. హెబ్రీ ప్రవక్తల గ్రంథాలన్నీ కలిపి మూడు వందల ఎనభై అధ్యాయాలు, వారానికి ఒకటి చొప్పున మామూలు సంసారి కూడా చదివి ముగించవచ్చు అని. ఎవరైనా ముందుకొస్తారా అంటే మాస్టారు చెయ్యెత్తాడు. వెంటనే పక్క వరసలోంచి ఆయన బావమరిది లేచాడు. గడియారాలు బాగుచేసే మనిషి, మాటలు మాత్రం బాగుచెయ్యలేనంత పాడుచేస్తాడు.

"బావా, ముందు ఆ అలమరకు తలుపులు బిగించు. ప్రవక్తలు ఎక్కడికీ పోరు. తరవాత చూసుకుందువు గాని."

మందిరమంతా నవ్వింది. రబ్బీగారు కూడా గడ్డం చాటున నవ్వారు. మాస్టారు మర్నాడే పంతొమ్మిది ఖాళీ కార్డులు తీసి, మేకుతో గుచ్చి దారం కట్టాడు. పంతొమ్మిది ఇరవైలు మూడు వందల ఎనభై. ఒక్క గడి ఎక్కువా లేదు, తక్కువా లేదు. తనకోసమే ఎవరో లెక్క వేసి పెట్టినట్టుందని ఆయన మురిసిపోయాడు.

పుస్తకం కారు ముందు అరలో ఉండేది. ఇద్దరు విద్యార్థుల మధ్య దొరికిన సందులో, కారు ఏ నీడనో ఆపి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చదివేవాడు. కొద్ది వారాల్లోనే ప్రవక్తలు ఆయనకు సొంత మనుషులైపోయారు. కారణముంది. వాళ్ళంతా జనంతో అటు కాదు, ఇటు తిరగండి అని అరుస్తున్నారు. జనం వినిపించుకోకుండా తిన్నగా గోడ వైపే పోతున్నారు. ముప్ఫై ఏళ్ళుగా తన ఉద్యోగమూ అదే. కాకపోతే పాపం ప్రవక్తలకు రెండో బ్రేకు ఇవ్వలేదు.

ఏడేళ్ళు దాటాయి. పంతొమ్మిదో కార్డులో చివరి గడి ఒక్కటే మిగిలింది. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది: చివరి నాలుగు వాక్యాలు చదవకుండా అట్టే పెట్టి, పదిమందిని పిలిచి, వాళ్ళ ముందు చదివి ముగించి, భోజనం పెట్టాలి. ఆదివారం మధ్యాహ్నం అనుకున్నారు. పదిమంది చాలు గాని, మాస్టారి భార్య అరవై మందిని పిలిచింది. ఇంట్లో ఒక పని పూర్తి కావడం ఆవిడకు కూడా కొత్తే కదా.

గురువారం నాడు కారులో టైలరమ్మ ఉంది. మూడుసార్లు పరీక్ష తప్పిన మనిషి. బట్ట మీద కత్తెర పెడితే వెంట్రుకవాసి తేడా రాదు గాని, రోడ్డు మీద "ఎడమకు" అంటే కుడికి తిరుగుతుంది, "కుడికి" అంటే ఆగి ఆలోచిస్తుంది.

"ఎడమ, ఎడమమ్మా, ఎడమ! అదిగో మళ్ళీ కుడికే!"

"అరవకండి మాస్టారూ. మీరు అరిస్తే ఉన్న ఎడమ కూడా పోతుంది."

కారు ఆపించాడు. ఆవిడ చెమట తుడుచుకుని, కార్డు చూపించింది. "ఈ వెనక్కి తీసి నిలబెట్టే పాఠానికి టిక్ పెట్టెయ్యండి. మా ఆయన చేస్తుంటే వందసార్లు చూశాను."

"పక్క సీట్లో కూర్చుని చూస్తే నడిపినట్టు కాదమ్మా."

ఆవిడ మూతి ముడిచింది. కాసేపటికి ముందు అరలో పుస్తకం కేసి చూసి, "అందులో ఏమున్నాయి, కథలా?" అంది. మాస్టారికి ఉత్సాహం వచ్చింది. అందరికీ నచ్చే కథ ఎత్తుకున్నాడు. దేవుడు ఒక మహానగరానికి వెళ్ళి బుద్ధి చెప్పమంటే పారిపోయిన ప్రవక్త, ఓడ, తుఫాను, చేప కడుపులో మూడు రోజుల కాపురం.

"తరవాత?"

"చేప కక్కేసింది. ఆ నగరానికి వెళ్ళాడు. మీరు నాశనమైపోతారు అని చెప్పాడు. వాళ్ళు మారారు."

"అయితే సంతోషించి ఉంటాడు. తరవాత?"

మాస్టారు నోరు తెరిచి, తెరిచినట్టే ఉంచాడు. తరవాత ఏమిటో తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఇది. ఏడాదికోసారి వచ్చే పెద్ద ఉపవాసం రోజున, సాయంకాలం కాబోతుండగా, ఈ కథ మొత్తం మందిరంలో చదువుతారు. చిన్నప్పటినుంచి యాభైసార్లు విన్నాడు. విన్నాడంటే, మంచినీళ్ళయినా ముట్టని కడుపుతో బల్లకు ఆనుకుని, చేప నోరు తెరిచే సమయానికి తానూ కళ్ళు మూసేవాడు. అందుకే తొమ్మిది నెలల కిందట ఆ ప్రవక్త వంతు రాగానే, ఇది మనకు తెలిసిందేగా అని పద్దెనిమిదో కార్డులో నాలుగు గళ్ళకు ఒకేసారి టిక్ కొట్టి, ఆ నాలుగు వారాలూ కారుకు రంగు వేసుకున్నాడు.

సంగతి దాచకుండా చెప్పాడు. టైలరమ్మ నవ్వలేదు. "అయితే మీరూ పక్క సీట్లోనే కూర్చున్నారన్నమాట" అని, కారు స్టార్ట్ చేసింది.

ఆ మాట ముల్లులా దిగింది. శుక్రవారం పొద్దున్నే గడియారాల కొట్టుకు వెళ్ళి బావమరిదితో చెప్పుకున్నాడు.

అతను కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే అన్నాడు: "ఇంతేనా? నాలుగు చిన్న అధ్యాయాలు, పావుగంట పని. కారులో కూర్చుని చదివెయ్. ఎవడికి తెలుస్తుంది?"

"కార్డుకి తెలుస్తుందిరా."

"నీ కార్డు తగలెయ్య! అరవై మంది ముందు లేచి పూర్తి కాలేదు అంటావా? మొదట నవ్వేది ఎవరో తెలుసా?"

"నువ్వే."

"మరి?"

ఆదివారం వచ్చింది. భోజనాల బల్లల మీద పళ్ళాలు బోర్లించి ఉన్నాయి. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని రబ్బీగారి పక్కన నిలబడ్డాడు. వెనక వరసలో, ఆయన పిలుపు మీద వచ్చిన టైలరమ్మ కూర్చుంది. గోడకు పంతొమ్మిది కార్డులూ వరసగా తగిలించి ఉన్నాయి. మాస్టారు పుస్తకం తెరవకుండా నేరుగా పద్దెనిమిదో కార్డు దగ్గరికి నడిచి, ఎర్ర కలంతో నాలుగు గళ్ళలోని పాత టిక్‌లు కొట్టేశాడు.

"ఈ నాలుగూ చదవలేదు. తెలుసనుకుని టిక్ పెట్టాను. ఇంకొకరి కార్డయితే చింపేసేవాణ్ణి."

ఆయన భార్య కళ్ళు మూసుకుంది. వంటశాలలో ఎవరో గరిటె కింద పడేశారు. అందరూ బావమరిది కేసి తిరిగారు. అతను లేచాడు.

"చేప కథేగా బావా? యాభైసార్లు విన్నాం కదా, చివర ఏమవుతుందో ఎవరో ఒకరు చెప్పేస్తే పోతుంది. చెప్పండి."

కొందరు పైకప్పు చూశారు, కొందరు చెప్పులు చూసుకున్నారు. బావమరిది రెండు క్షణాలు ఎదురుచూసి, "నాకూ తెలియదు. నేను ఓడ దగ్గరే పడుకుంటాను" అని కూర్చున్నాడు. నవ్వుతారనుకున్న అరవై మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రబ్బీగారు గొంతు సవరించుకుని, "భోజనం ఆగుతుంది. చదువు" అన్నారు.

మాస్టారు చదివాడు. హెబ్రీలో ఒక వాక్యం, మామూలు మాటల్లో దాని అర్థం. పగటిపూట, ఉపవాసం లేకుండా, కళ్ళు తెరుచుకుని ఆ మందిరం ఆ కథ వినడం అదే మొదటిసారి. నగరం బాగుపడినందుకు ఆ ప్రవక్తకు సంతోషం కాదు, ఒళ్ళు మండిందట. నేను చెప్పినట్టు నాశనం కాలేదేమని ఊరి బయట అలిగి కూర్చున్నాడట. ఇక్కడ మాస్టారి గొంతు కాస్త తగ్గింది. నీకీ జన్మలో రాదని తాను తేల్చినవాడు నేర్చేసుకుంటే అలిగిన మాస్టార్లు ఆయనకు తెలుసు. కొన్ని రోజులు తానూ వాళ్ళలో ఒకడు.

చివరి వాక్యానికి వచ్చాడు. దేవుడు అడుగుతున్నాడు: తమ కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలియని మనుషులు లక్షా ఇరవై వేల పైచిలుకు ఉన్న ఊరు, బోలెడన్ని పశువులు కూడాను, దాని మీద నేను జాలిపడకూడదా?

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. వెనక వరసలో టైలరమ్మ తన రెండు చేతుల కేసి మార్చి మార్చి చూసుకుంటోంది.

"దానికి అతనేమన్నాడు?" బావమరిది ఉండబట్టలేక అడిగాడు.

"ఏమీ అనలేదు. పుస్తకం అక్కడే ఆగిపోయింది" అన్నారు రబ్బీగారు. "ఇన్నేళ్ళుగా మీ అందర్నీ అడుగుతూనే ఉంది. మీరు గురక పెడుతున్నారు."

మాస్టారు నాలుగు గళ్ళలోనూ ఆ రోజు తేదీ వేసి, ఎర్ర టిక్‌లు పెట్టాడు. తరవాత ఆఖరి ప్రవక్త చివరి నాలుగు వాక్యాలూ చదివి, మూడు వందల ఎనభయ్యో గడి నింపాడు. మందిరం లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచినవాడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు గడియారాలవాడే.

మర్నాడు టైలరమ్మ ఎడమకు బదులు మళ్ళీ కుడికి తిరిగింది. మాస్టారు బ్రేకు మీద కాలు పెట్టాడు గాని, అరవలేదు. "పర్వాలేదమ్మా, ఇటూ ఊరే. చుట్టు తిరిగి వద్దాం" అన్నాడు. టిక్ మాత్రం పెట్టలేదు.

ఆ సాయంత్రం బావమరిది కొలతల టేపు పట్టుకుని ఇంటికి వచ్చాడు. వంటింటి అలమరలో గిన్నెలు మాయమయ్యాయి. మూడు అరల్లోనూ పంతొమ్మిది కార్డులు బారులు తీరి నిలబడ్డాయి. ఎర్ర టిక్‌లున్న పద్దెనిమిదోది అన్నిటికీ ముందు.

"అక్కా, ఆ తలుపులేవో నా ఖర్చుతో నేనే చేయిస్తాను" అన్నాడతను.

"వద్దురా" అంది మాస్టారి భార్య. "తలుపులుంటే వచ్చినవాళ్ళకు కార్డులు ఎలా కనబడతాయి?"