అత్త ఊఁ కొడితేనే

"అమ్మ తెల్లారగట్ట పోయింది వదినా" అని నందిగామ నుంచి మా మేనత్త కొడుకు ఫోను చేశాడు. వాడు చెబుతున్నంతసేపూ నేను "ఊఁ... ఊఁ..." అంటూనే ఉన్నా. ఫోను పెట్టేశాక నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. నవ్వెందుకో మీకు చెప్పాలి. ఆ ఊఁ మా అత్తది. నేను డాక్టర్నయ్యానంటే దాని పుణ్యమే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సంగతి. జగ్గయ్యపేటలో మా నాన్నకి మిరపకాయల కొట్టు. నేను ఇంటర్ ప్యాసై, మెడిసిన్ చదువుతానని మొండికేశా. అప్పట్లో ఇప్పటిలా రాతపరీక్ష కాదండి. మార్కులు చూసి మద్రాసు పిలిచేవాళ్ళు, పెద్ద డాక్టర్లు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలేసేవాళ్ళు. "ఈ ఒక్కసారికే ఒప్పుకుంటున్నా. సీటు రాలేదో, వత్సవాయి సంబంధం ఖాయం చేసేస్తా" అన్నాడు నాన్న. పాపం, ఆ పెళ్ళికొడుక్కి ఏ వంకా లేదు. నాకే వైద్యం పిచ్చి.

నాతో చదివినవాళ్ళంతా బెజవాడలో ఒక రిటైర్డు లెక్చరరు గారి దగ్గర చేరారు. ఆయన ప్రశ్నా జవాబూ కలిపి కంఠతా పట్టిస్తారు. నాన్న నాకూ అక్కడే మాట్లాడాడు. వెళ్ళేముందు అత్తకి కనపడదామని నందిగామ వెళ్ళా. అత్త ఎండుమిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. అక్షరం రాదు గానీ కథలంటే చెవి కోసుకుంటుంది. "ఏదీ, నువ్వు చదివిందేదో చెప్పవే కోడలా" అంది. రక్తప్రసరణ పాఠం గడగడా అప్పజెప్పా.

"ఇదేం చెప్పడమే, రైలుబండి పోయినట్టు! ఊఁ కొట్టడానికి సందివ్వకపోతే అదేం కథ? ఇంతకీ ఆ రక్తం ఓ చోట ఉండక ఎందుకే తిరగడం?"

ఎలా తిరుగుతుందో వల్లె వేశా గానీ ఎందుకు తిరుగుతుందో నన్నెవరూ అడగలేదు. బెజవాడ వెళ్ళను, అత్త దగ్గరే ఉండి చదువుతానని అక్కడే తేల్చుకున్నా.

నాన్న బస్సెక్కి వచ్చి చిందులు తొక్కాడు. "మద్రాసు డాక్టర్లు దీన్ని తొడిమలు తియ్యమంటారా?" అన్నాడు. అత్త తల కూడా ఎత్తలేదు. "నాకే అర్థమైతే వాళ్ళకి అర్థం కాదా అన్నయ్యా? నాకంటే చదువుకున్నవాళ్ళేగా!" నాన్న మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఇక మా చదువు చూడాలి! పాఠం కథలా చెప్పాలి. అర్థమైతే "ఊఁ" అంటుంది. కాకపోతే ఊఁ ఉండదు, తొడిమలు తీసే చెయ్యీ ఆగిపోతుంది. నేను వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెట్టాలి. మధ్యమధ్య ఇద్దరికీ తుమ్ములు. ఊపిరితిత్తుల పాఠం ఆ ఘాటులో నేర్చుకున్నదాన్ని దేశం మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటా. "గుండె తోడి పోస్తుందన్నావు, సరే. బావిలో నీళ్ళు తగ్గితే ఏం చేస్తుంది?" అనేది. నేను పుస్తకం మీద పడేదాన్ని. అవతల నా స్నేహితురాళ్ళకి పుస్తకం పుస్తకమంతా నోటికొచ్చేసిందని తెలిసి ఒకరోజు భయమేసి అరిచా, "నీకేం తెలుసత్తా!" అని. "తెలీకేగా అడుగుతోంది" అంది, చల్లగా.

మద్రాసులో ముగ్గురు డాక్టర్లు. రక్తం బాగా పోయినవాడికి నాడి ఎందుకు వేగంగా కొట్టుకుంటుందని ఇంగ్లీషులో అడిగారు. హమ్మయ్య, అత్త బావి! మొదటి వాక్యం చెప్పి ఆగా. వాళ్ళు నావంక చూస్తున్నారు, నేను వాళ్ళవంక చూస్తున్నా. ఎవరూ పలకరు. అర్థం కాలేదు కాబోలనుకుని మళ్ళీ మొదటినుంచీ చెప్పి ఆగా. "అంతేనా?" అన్నాడు పెద్దాయన. ఇంకా ఉందన్నా. మరి ఆగావేం అన్నాడు. కంగారులో తెలుగు వచ్చేసింది: "మీరు ఊఁ అనలేదండి."

అరవ డాక్టర్లిద్దరూ తెల్లమొహం వేశారు. చివర కూర్చున్నాయన మాత్రం కళ్ళజోడు తీసి, నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. మనవాడే! "ఊఁ... చెప్పమ్మా" అన్నాడు. ఇక నన్ను పట్టేదెవరు? నేను చెప్పడం, ఆయన ఊఁ కొట్టడం. ఆఖరికి మిగతా ఇద్దరూ తలలూపారు. సీటొచ్చింది. వత్సవాయి అబ్బాయి మరో పిల్లని చేసుకుని సుఖంగా ఉన్నాడు.

ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా అత్తకి తనివి తీరేది కాదు. "ఊఁ కొట్టేవాడు ఏ ఊళ్ళోనైనా ఒకడుంటాడే, వాణ్ణి చూసి చెప్పు" అనేది. నా రోగులందరికీ నేను అలాగే చెప్పా. ఊఁ అనేదాకా మందు చీటీ ఇచ్చేదాన్ని కాను.

పోయిన నెల చూడ్డానికి వెళితే మంచం మీద ఉంది. పిల్లలు ఏమీ చెప్పట్లేదని గోల. "నాకేమైందో నువ్వు చెప్పవే కోడలా" అంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నా. నీ గుండె ఇన్నేళ్ళూ తోడి పోసిందత్తా, అన్నా. "ఊఁ" అంది. ఇప్పుడు దానికి చేద లాగే ఓపిక తగ్గింది, అన్నా. "ఊఁ" అంది. అక్కడ ఆగిపోయా. తర్వాతది నా నోటంట రాలేదు.

అత్త కళ్ళు మూసుకునే ఉంది. నా చెయ్యి నొక్కి, ఇంకోసారి అంది.

"ఊఁ..."