రత్తమ్మత్త తరవాణి కుండ

మూత కింద తరవాణి బుసబుసమన్నప్పుడల్లా, ఆ పుల్లటి వాసన వసారాలోకి వచ్చినప్పుడల్లా, గురజాల బజారులో నా అంతటి బేరగాడు లేడని గుర్తొస్తుంది. బతికున్నదాన్ని బేరమాడి, దాని ప్రాణం దొడ్లో పారబోసి, వట్టి కుండ ఇంటికి తెచ్చుకున్న మొనగాణ్ణి నేను.

అప్పుడు బట్టల కొట్టు కొత్తగా నా చేతికి వచ్చింది. పొద్దస్తమానం కూర్చుని కూర్చుని కడుపు పిడుగురాళ్ల సున్నపురాయిలా బిగిసిపోయింది. ఆముదం తాగితే ఒకపూట పోయి మళ్లీ బిగుసుకునేది. అన్నం చూస్తేనే భయం పట్టుకుంది. పక్కింటి రత్తమ్మత్త నా మొహం చూసి, "ఏందిరా, లోపల శవాన్ని మోస్తన్నట్టున్నావు? రా" అని పిలిచింది.

మిట్టమధ్యాహ్నమైనా ఆమె గది చీకటి. మూలన గుడ్డ కట్టిన కుండ. అన్నం వార్చిన గంజి రోజూ పోసి పులియబెట్టే తరవాణి అందులో ఉంది. ఆమె చెవి ఆనించి వింది. నాకూ వినపడింది, ఎవరో పళ్ల సందున మాట్లాడుతున్నట్టు.

"మా అమ్మ పోసిన గంజి ఇంకా ఇందులో ఉందిరా. వెల్దుర్తి నుంచి నన్నొక చంకన, దీన్నొక చంకన ఏసుకొచ్చింది. నాకా, బిడ్డల్లేరు. పొద్దున్నే ముంతెడు తాగు, కడుపు కదుల్తది. నేను పోయినా గంజి మానొద్దు. తీసకపో."

"వట్టినే వద్దత్తా, ధర చెప్పు" అన్నాను. కొట్లో పెరిగిన బుద్ధి ఊరుకుంటుందా? కొనే కుండను వాయించి చూడాలి. నిండుకుండ సరిగా మోగదు. కుండ మొయ్యడానికి నా నెత్తికి చుట్టకుదురు తేవడానికని ఆమె పక్కకు వెళ్లగానే తరవాణంతా దొడ్లో కుమ్మరించి వాయించాను. ఖంగుమంది. "పగుల్లేదత్తా!" అని కేకేశాను.

ఆమె దొడ్లోకి వచ్చింది. ఆ బురదకు దండం పెట్టింది. ఖాళీ కుండలోకి వంగి "అమ్మా" అంది. జవాబు లేదు.

"కుండ ఒంటికి కొంచెం పట్టే ఉంటది. తోమబాకు. గంజి పొయ్యి. అది పలికిందాకా నాకు కూడొద్దు."

కుండ మా వంటింట్లో పెట్టి గంజి పోస్తే, ఆమె దాని పక్కనే కూర్చుంది. నా భార్య పళ్లెం పెడితే నెట్టేసింది. మర్నాడూ అంతే. పెదవులు ఎండిపోయాయి.

"తినత్తా, నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లొదిలి నోరు మూసుకో. ఇననీ."

ఆ సాయంత్రం మూత కింద సన్నని బుస. ఆమె పెదవులూ దాంతోపాటే కదిలాయి. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. పళ్లెం దగ్గరికి లాక్కుంది. నా భార్య ఆనాటి నుంచి ఆ కుండను ముట్టలేదు.

రత్తమ్మత్త పోయి చానా ఏళ్లయింది. లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. వచ్చింది: కొన్నాళ్లకే సాఫీ అయిన కడుపు, ఇప్పటికీ అంతే. పోయింది: గంజి పోసే దిక్కు లేక పొరుగూళ్లో ఒక్క రాత్రీ పడుకోలేదు, సత్తెనపల్లిలో మరదలి పెళ్లికి వెళ్లి, తాళి కట్టగానే బస్సెక్కాను. మిగిలింది: నా తరువాత దీనికి గంజి పోసేది ఎవరన్నది. అందుకే బట్ట కొలుస్తూ వచ్చినవాళ్ల మొహాలే చూస్తుంటాను, కడుపు బిగిసినవాడు ఎవడైనా దొరుకుతాడేమోనని.