పురి అంటే పూరీ కాదు

తొలివాన పడిందంటే చాలు, సెక్టర్ 4 బజారులోని మా కొట్టు అటక మీంచి, తుమ్మచెక్క కషాయంలో ఉడికిన జనపనార వాసన, బురదా పొగా కలిసినట్టు, మెల్లగా కిందికి దిగుతుంది. నాన్నమ్మ పేనిన తాడులో మిగిలిన ఆఖరి చుట్ట అది. పారేద్దామని మా అబ్బాయి ఏటా అంటాడు. గిరాకీ లేని సరుకును చూస్తే నిద్రపట్టని దాన్ని. దీని దగ్గర మాత్రం నా వ్యాపారబుద్ధి పనిచేయదు.

విజయనగరం వదిలి ఈ హిందీవాళ్ల ఊరికొచ్చినా నాన్నమ్మ చేతులు ఊరు మారలేదు. వానాకాలమంతా కొట్టు గుమ్మంలో కూర్చుని, ఉప్పుసెనగలు నములుతూ, తడినారను తొడ మీద అరచేత్తో ఒత్తి పేనేది; ఉక్కు ప్లాంటు సైరన్ మోగి సైకిళ్లు వరదలా వచ్చినా తలెత్తేది కాదు. చవితి ఉండ్రాళ్ల గిన్నెకు గుడ్డ కట్టాలన్నా మాకు ఆ తాడే.

అంతలో నైలాన్ వచ్చింది. మెరిసే కండెలు వరసగా వేలాడదీసి నాన్న, "అమా, గుమ్మంలో కూకోకే. ఈ సంతకి నీ తాడు అమ్ముడవకపోతే పొయ్యిలో ఎట్టేత్తాను" అన్నాడు.

"ఏటీ? ఎట్టు, సూద్దాం!" అంది నాన్నమ్మ, పేనడం ఆపకుండానే.

సంతరోజున, కుమ్హారి చెరువుల్లో వలవేసే కేవట్ తాత వచ్చాడు. నాన్నమ్మకు హిందీ రాదు; దుబాసీని నేను. "పురి గట్టిగుందని సెప్పే గుంటా" అంది. పురి అంటే తాడు మెలిక అని తెలుసు, దానికి హిందీ మాట తెలియదు. తెలియదంటే బేరం పోతుందని, "పూరీ బహుత్ మజ్‌బూత్ హై, దాదా" అన్నాను.

"మజ్‌బూత్ పూరీ? మేరే దాంత్ కహాఁ, బేటీ!" అని, గట్టి పూరీ నమలడానికి పళ్లేవన్నట్టు ఆయన బోసినోటితో నవ్వాడు.

కంగారుగా ధర తగ్గించబోతే నాన్నమ్మ నా నోరు మూసి, తాడు తడిపి, తెంపమన్నట్టు ఆయన చేతికిచ్చింది. తాత పిడికిళ్లు బిగించి లాగాడు; తెగలేదు. తడిసిన నార బిగుస్తుంది. నైలాన్‌లా ముడి జారదు, వేళ్లు కోయదు. వల లాగే తాడుకు ఇదే కావాలని చుట్టలన్నీ కొని ఎత్తుకెళ్లాడు. నాన్న మళ్లీ పొయ్యి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల జనుము వేసేవాళ్లు లేరు, ఆ తాత లేడు, తొడ మీద పేనే చేతులూ లేవు. కొట్టు నిండా నైలానే, అమ్మేదీ నేనే. మొన్న నెహ్రూ నగర్‌లో హోటల్ పెట్టిన మనవాళ్ల కుర్రాడు ఆ చుట్టను గోడకు అలంకారంగా తగిలిస్తానని వచ్చాడు. "మమ్మీ, దే దో నా" అని, ఇచ్చెయ్యమంటూ మా అబ్బాయి నిచ్చెన ఎక్కబోయాడు.

"దిగరా" అన్నాను.

కుర్రాడు ధర అడిగాడు. బుద్ధెరిగాక మొదటిసారి నేను ధర చెప్పలేదు.

"దీన్ని వలకి కట్టి నీళ్లలో ఏసేవోడుంటే పంపు బాబూ, ఊరికే ఇచ్చేత్తాను. గోడకైతే ఇవ్వను గాక ఇవ్వను."