బయటికి తెరుసుకునే తలుపు

మా ఆయన నరేందర్ మల్లాపూర్ల రేకు కేబిన్లు జేస్తడు. అపార్ట్‌మెంట్ గేటు కాడ వాచ్‌మన్ కూసునే డబ్బా ఉంటది సూడున్రి, గదే. ఇరవై రెండేండ్లాయె ఈ పని వట్టి. షెడ్డుల ఫోన్లు ఎత్తేది, ఆర్డర్లు రాసేది నేను. మా తమ్ముడు దుర్గేష్ రంగులేస్తడు. ఏస్తుండె, అనాలె. నా నోటికి ఇంకా అలవాటు గాలే.

ఆయనకు మాట తక్కువ, నాకు నోరు జాస్తి. కొత్తిమీర కట్ట కాడ గూడ కొట్లాడే మనిషిని నేను. తమ్ముడైతే రంగు డబ్బా మూత తీసిన కాన్నుంచి నోరు మూయడు. "బావా, నీ డబ్బాలల్ల వాచ్‌మన్లు గుర్రు వెట్టి పంటున్నరంటే అది నీ పనితనమే" అని ఎక్కిరిస్తుండె. ఆయన పండ్లు గనవడేటట్టు నవ్వేది వాని మాటలకొక్కటే.

నిరుడు దసరా ముంగట ఒక ట్రెకింగ్ సంఘమోల్లు వచ్చిన్రు. హిమాచల్ల పద్నాలుగు వేల అడుగుల ఎత్తు మీద, వానకో మంచుకో చిక్కినోల్లు ఒక రాత్రి తలదాసుకోనీకె గది గావాలన్నరు. ఆడ కావలోడు ఉండడు, తాళం ఉండదు. ఎవలొచ్చినా పండుకోవాలె, పొద్దుగాల ఊడ్సి పోవాలె. గోడ పలకలు జేసి లారీల పంపితే కంచరగాడిదల మీద పైకెక్కిస్తం, మీ మనుషులొచ్చి బిగియ్యాలె అన్నరు. దుర్గేష్ ఎగిరి గంతేసిండు. వాడు మంచును ఫ్రిజ్‌ల తప్ప సూసింది లేదు మరి.

ఇద్దరు వోయిన్రు. మూడు దినాలల్ల గది నిలవడ్డది. ఆఖరి సాయంత్రం గాడిదలోల్లు కిందికి దిగిపోయిన్రు. సంఘమోల్లు రెండు దినాలకొచ్చి సూస్తమన్నరు. సందులకు సిలికాన్ కొట్టేది మిగిలిందని వీల్లిద్దరు ఆ రాత్రికి అండ్లనే పండుకున్నరు.

ఆ రాత్రే మంచు వడ్డది. దుర్గేష్‌కు ముందు దినం సంది తలనొప్పి. చాయ్ సరిగ్గ దొరకక అన్నడట, పిచ్చోడు! నడిజాముకు వాంతులు. ఊపిరి తీస్తుంటే రొమ్ముల నీల్లు మరిగినట్టు సప్పుడు. ఆయనకు భయమైంది. ఇంత ఎత్తుల ఊపిరి కష్టమైతే కిందికి దిగుడే మందు, ఆలస్యం జెయ్యొద్దని గాడిదలోల్లు చెప్పి పోయిన్రు. తెల్లారంగనే తమ్మునికి రెండు కంబళ్లు సుట్టి, లేపి, తలుపు నూకిండు.

తలుపు కదల్లే. నడుమెత్తు మంచు దానికి ఆనుకొని గడ్డగట్టింది. తలుపేమో బయటికి తెరుసుకునేది. తలుపును పట్టుకునే కబ్జాలు గూడ బయటనే, ఊడదీద్దామన్నా అందయి. కిటికీకి దొంగల భయానికని ప్రతి డబ్బాకు కొట్టే గ్రిల్లే కొట్టిన్రు. ఆ కొండ మీద దొంగెవడు? భుజం కమిలేదాంక గుద్దిండు. ఆఖరికి హాక్సా బ్లేడు వట్టి గోడ పలక కొయ్యవట్టిండు. నాలుగు గంటలు. నడుమల తమ్ముడు కండ్లు తెరిసి, "మస్తు గట్టిగ జేసినవ్ బావా" అన్నడట. గదే వాని ఆఖరి మాట. మనిషి దూరేంత సందు అయ్యేసరికి వాని పానం వోయింది.

శవం తెచ్చిన దినమే ఆయన మా అమ్మ రాములమ్మ కాళ్ల మీద పడ్డడు. "తలుపు బయటికి పెట్టింది నేనే అత్తమ్మా, తప్పు నాదే" అన్నడు.

మొన్న రామంతాపూర్ల అమ్మ ఇంట్ల సంవత్సరీకం. అల్లుడు కూసోనిదే ఇస్తరాకు ఎయ్యని ఇల్లది. "నా కొడుకును డబ్బాల వెట్టి సంపినోడు నా గడప తొక్కొద్దు" అని అమ్మ గేటేసింది. ఆయన గల్లీల, ఎండల, తువ్వాల తల మీదేసుకొని నిలవడ్డడు. నేను లోపట పప్పు వడ్డిస్తున్న. నా నోరు లేవలే.

ఎందుకంటే, సంఘమోల్ల కాగితంల తలుపు లోపటికి తెరవాలెనని సక్కగ రాసుండె. ఆయన ఆ కాగితం పట్టుకొని నా కాడికొచ్చి, "ఎందుకో ఫోన్ జేసి అడుగు" అన్నడు. "లోపటికి తెరిస్తే మంచం యాడ వడ్తది? మనకు నేర్ప వచ్చిన్రా వీల్లు! మన డబ్బాలన్నిటికి బయటికే గదా, కొట్టుపో" అన్నది నేను.

ఇంటికొచ్చినంక అడిగిన. "ఆ మాట అన్నది నేనని అమ్మకెందుకు చెప్పవ్? ఏడాది సంది తిట్లు పడుతున్నవ్ గదా?"

ఆయన కాళ్లు కడుక్కుంటున్నడు. తలెత్తలే. "చెప్తే నిన్ను గూడ గేటు బయటనే నిలవెడ్తది. కొడుకు పాయె. బిడ్డ గూడ లేకపోతే ముసల్దానికి ముద్ద ఎవలు వెడ్తరు?"

తెల్లారి అమ్మ కాడికి వోయిన. అన్నం కలిపి తినిపిచ్చిన. తింటనే అల్లున్ని తిట్టవట్టింది. ఇంకో ముద్ద వెట్టిన. చెప్పలే.