ఏదీ, నోటితో అనండి!

మా కాశీవిశ్వనాథం దగ్గరికి బండి పట్టుకెళితే బానెట్ తెరవడు. ముందు మన నోరు తెరిపిస్తాడు. ఇంజను ఎలా మోగిందో మనమే చేసి చూపించాలి. "బండి ఎదురుగానే ఉంది కదయ్యా, స్టార్ట్ చేసి విను" అంటే, "దాని మాట అది తర్వాత చెబుతుంది. ఏదీ, ముందు మీరు నోటితో అనండి" అంటాడు. నాకు తప్ప చిన్నాపెద్దా అందరికీ అండీయే.

నేను చాలా ఊళ్లు తిరిగాను. నాడి చూసేవాళ్లను చూశాను, అరికాలు చూసి ఆయుష్షు చెప్పేవాళ్లను చూశాను. రోగాన్ని రోగిచేత నటింపజేసే వైద్యుణ్ణి మాత్రం షేక్‌పేట పాత ఊళ్లో, ఈయన రేకుల షెడ్డులోనే చూశాను. పైన ఫిల్మ్‌నగర్ ఉంది కదా, ఆ గాలి తగిలిందేమో.

ఒకసారి జూబ్లీహిల్స్ నుంచి శారదాదేవి గారని రిటైరైన హెడ్మిస్ట్రెస్ కారు తెచ్చారు. "కీ...చ్" అన్నారు మొహమాటంగా. "అందులో ఇంకాస్త దుఃఖం ఉండాలేమో, ఆలోచించండి" అన్నాడీయన. ముప్పయ్యేళ్లు పిల్లలచేత పాఠాలు అప్పజెప్పించుకున్న ఆ తల్లి, ఆ రోజు చేతులు కట్టుకుని తానే అప్పజెప్పారు.

విన్న చప్పుళ్లన్నీ తేదీలు వేసి నోట్‌బుక్కులో రాసుకుంటాడు. తెలుగు అక్షరాలన్నిటికీ పని కల్పించింది ఈయనొక్కడే. ఙకారం సైలెన్సర్లకు కేటాయించాడు.

పోయిన ఆషాఢంలో జానకిరామయ్య వచ్చాడు. ఒక సినిమా కంపెనీకి కాస్ట్యూములు మోసే పాత పికప్‌కి డ్రైవరు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మిస్సింగ్ వస్తోందట. అదీ అప్పుడప్పుడే. ప్రొడక్షన్ మేనేజరు సిద్ధార్థ ఎక్కిన రోజున మాత్రం పెళ్లికూతురిలా నడుస్తుందట.

"మూడుసార్లు షూటింగ్‌కి లేటయింది కాశన్నా. నేను అబద్ధమాడుతున్ననంటుండు. ఇంకోసారి గిట్లయితే చాబీ ఇచ్చి పొమ్మన్నడు. ఇరవై ఏండ్లసంది నడుపుతున్న, గీ మాట ఎన్నడు పడలే."

"ఏదీ, నోటితో అనండి."

"డుగు డుగు డుగు... గప్... డుగు... గప్ గప్."

"ఆ గప్పు మింగినట్టా, కక్కినట్టా?"

"మింగినట్టే."

"అప్పుడు డీజిల్ ముల్లు ఎక్కడుంది?"

"సగానికి కింద."

రాసుకున్నాడు. "గురువారం రండి. అందాకా ట్యాంకు నిండుగా ఉంచండి" అని పంపేశాడు. గురువారం మళ్లీ అనిపించాడు. శనివారం మళ్లీ. బండి మీద చెయ్యి వెయ్యలేదు. "సోమవారం మీ మేనేజరు గారిని తీసుకురండి. ఈలోగా డీజిల్ కొట్టించకండి" అన్నాడు.

టీ గ్లాసుతో పక్కనే కూర్చున్న నాకు ఒళ్లు మండింది. "అవతల మనిషి ఉద్యోగం పోతుంటే నీకు కచేరీ కావలసివచ్చిందా?"

"టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు.

సోమవారం సిద్ధార్థ వచ్చాడు. "విశ్వనాథం గారూ, నేనున్నప్పుడు ఒక్కసారి కూడా ప్రాబ్లమ్ రాలేదండీ. ఇదంతా ఈయన డ్రామా."

"ఓసారి పైదాకా పోయొద్దాం పదండి."

వాళ్లు ముగ్గురూ ముందు, నేను వెనక రాజుల అంగీల మధ్య. క్యాబిన్ వెనక కిటికీలోంచి అన్నీ వినిపిస్తున్నాయి.

"రామయ్య గారూ, ముందు బంకుకి పోనివ్వండి" అన్నాడు సిద్ధార్థ, అలవాటు ప్రకారం.

"వచ్చేటప్పుడు చూద్దాం లెండి" అన్నాడు కాశీవిశ్వనాథం.

ఎత్తు సగం ఎక్కామో లేదో, గప్. డుగు. గప్ గప్. బండి ఆగిపోయింది. వెనక హారన్ల జాతర. ఇంజను ఆగితే అంతగా వెలిగిపోయిన డ్రైవరు మొహాన్ని నేను మరెక్కడా చూడలేదు.

"ఏంటండీ ఇది?" అన్నాడు సిద్ధార్థ.

"విన్నది మీరే కదా. ఏదీ, నోటితో అనండి."

"నేనా? నడిరోడ్డు మీదా?"

"ఆలస్యమైతే మరిచిపోతారు."

"డుగు... గప్" అన్నాడు పాపం. పక్కన ఆగిన ఆటోలో వాళ్లంతా తలలు బయటపెట్టారు.

"మింగుడు చాల్లేదు. మళ్లీ."

రెండోసారి బాగానే వచ్చింది. అప్పుడు కాశీవిశ్వనాథం నోట్‌బుక్కు తెరిచి చూపించాడు. "మూడు రోజులు, మూడుసార్లు, అదే డుగు, అదే గప్పు. అబద్ధమైతే రోజుకో రాగం ఉండేది. ట్యాంకులో డీజిల్ పీల్చే గొట్టం మధ్యలో చీలింది. నిండుగా ఉంటే చీలిక డీజిల్లో మునిగి ఉంటుంది. సగం దిగితే గాలి పీలుస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మరీను. మీరేమో ఎక్కగానే ట్యాంకు నింపిస్తారు."

సిద్ధార్థ డ్రైవరు వైపు తిరిగాడు. "సారీ రామయ్య గారూ. చాబీ మాట మరిచిపోండి."

"పర్వాలే సార్. గప్పు మాత్రం జర ప్రాక్టీసు చేయుండ్రి."

కాశీవిశ్వనాథం సీటు కింద తాను ముందే పెట్టుకున్న డీజిల్ డబ్బా తీశాడు. అది పోసి, ఇంజను గొట్టాల్లో చేరిన గాలి తీసి, బండిని షెడ్డుకి దించాం. అక్కడ కొత్త గొట్టం అప్పటికే కొలతకు కోసి మేకుకు వేలాడుతోంది.

"ఇదెప్పుడు తెచ్చావయ్యా?" అన్నాను.

"మొదటిరోజు సాయంత్రమే."

"మరి అప్పుడే వేసెయ్యకపోయావా?"

"వేస్తే బండి బాగుపడేది. రామయ్య అబద్ధాలకోరుగానే మిగిలేవాడు" అని స్పానరు అందుకున్నాడు.

నిన్న షెడ్డుకి వెళ్లి, మెట్లెక్కుతుంటే మోకాలు చప్పుడవుతోందని చెప్పాను. ఏ డాక్టరూ ఆ మాట పట్టించుకోలేదు. కాశీవిశ్వనాథం నోట్‌బుక్కు తీశాడు.

"కటుక్" అన్నాను. అడక్కుండానే రెండోసారీ అన్నాను.