రెండు నెలలకు తెగిన బేరం

మానసిక వైద్యుడితో బేరమాడి నెగ్గిన మనిషి అమలాపురం మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆయన ఆర్నెల్లు వాడమన్న మందును రెండు నెలల్లో ముగించాను. పుట్టింది గిన్నెల కొట్టులో, మెట్టింది చీరల కొట్టులో. చెప్పిన ధరకు కొనడం మా ఇంటా వంటా లేదు. మా నాన్న ఉచితంగా ఇచ్చే క్యాలెండరుకు కూడా ఇంకోటి కలిపి అడిగేవాడు.

మా ఆయన జబ్బు మొదట చీరల దగ్గరే బయటపడింది. కొననని ముఖం మీదే తెలిసిపోతున్న మనిషికి కూడా ముప్ఫై చీరలు విప్పి చూపించే ఓపిక ఆయనది. అలాంటిది ఒకరోజు, ఎదురుగా అద్దాల బీరువాలో ఉన్న ఆకుపచ్చ చీరను ఒకావిడ అడిగితే "లేదండి" అన్నారు. ఆవిడ వేలు పెట్టి చూపించింది. "అది కాదండి" అన్నారు. లేచి బీరువా తెరవలేక అలా అన్నారని నాకు తర్వాత తెలిసింది. తిండి తగ్గింది, నిద్ర పోయింది. గ్యాస్ అన్నాం, షుగరు అన్నాం, దిష్టి తీశాం. చివరికి మా మామూలు డాక్టరుగారే "ఇది డిప్రెషన్‌లా ఉందమ్మా" అని మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళమన్నారు.

ఊళ్ళో చూపిస్తే ఇంకేమైనా ఉందా? సరుకు కొనడానికని చెప్పి కాకినాడ తీసుకెళ్ళాను. అక్కడ వరండాలో కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు. పొలాలున్న పెద్దమనిషి, కాలేజీ పిల్ల, కాట్రేనికోన నుంచి వచ్చిన జాలరి, ఒళ్ళో పసిబిడ్డతో బాలింత. ఒకరి ముఖం ఒకరు చూడకుండా అందరం ఫ్యాను వంక చూస్తున్నాం.

"సిగ్గుపడకండమ్మా. చాలా ఇళ్ళల్లో ఉన్నదే, చెప్పుకోరంతే. మీ వీధిలోనే ఎంతమందికి ఉందో" అన్నారు డాక్టరుగారు.

"మా వీధిలో ఎవరికీ లేదండి. నాకందరూ తెలుసు."

"ఆర్నెల్లు వాడాలి. బాగుందని మధ్యలో ఆపకూడదు."

"ఆర్నెల్లేంటండి బాబూ! రెండు నెలలకి చూడండి."

"ఇది బేరం కాదమ్మా."

"పోనీ మూడు చేయండి."

ఆయన నవ్వేసి, ముందు నెలకు రాసి, నెల నెలా చూపించమన్నారు. నవ్వాడంటే దిగాడన్నమాటే అని నా లెక్క. రెండో నెల చివరికి మా ఆయన మళ్ళీ చీరలు విప్పుతున్నారు, నవ్వుతున్నారు. బాగైన వస్తువుకు ఇంకా మరమ్మతు ఎందుకు? మాత్రలు ఆపించేశాను.

మరో నెల గడిచింది. ఒకరోజు పొద్దున్నే పాలకని వెళ్ళిన మనిషి ఎనిమిదైనా రాలేదు. ఫోను మంచం మీదే ఉంది.

టీ కొట్టుకు పరిగెత్తాను. "మావారు ఇటొచ్చేరాండీ? కొట్టు తాళం ఆయన దగ్గరుండిపోయింది." తాళం నా గుప్పిట్లోనే ఉంది. టీ కొట్టాయన "రాలేదమ్మా" అని గ్లాసులు కడుక్కుంటున్నాడు. తాళం కోసం ఎవరు కంగారు పడతారు? పాల బూత్ దగ్గరా అదే అబద్ధం, బస్టాండులోనూ అదే.

తొమ్మిదింటికి అదే తాళం మాటతో మా ఎదురు కిరాణా కొట్టు పిన్నిగారి ముందు నిలబడ్డాను.

"తాళానికి అంత కంగారేంటమ్మాయ్?"

"ఆయనకి బాగోలేదండి పిన్నిగారూ. మనసు. నేనే మాత్రలు ఆపించేశాను."

పప్పు తూస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. "నీ తెలివి తగలెయ్య! మీ బాబాయిగారికి మూడేళ్ళబట్టీ అదే. చెల్లెలింటికని చెప్పి నెలనెలా రాజమండ్రి తీసుకెళ్తన్నాను."

"మేం కాకినాడండి. సరుక్కని."

"ఆయ్, ఆ సరుకేదీ దిగట్లేదేంటా అని నేనూ చూస్తానే ఉన్నాను."

ఆవిడ వీధిలోకి వచ్చి ఉన్నది ఉన్నట్టు కేకేసి చెప్పింది. షట్టర్లు దిగాయి, బళ్ళు తలో దిక్కుకూ బయలుదేరాయి. మందుల కొట్టాయన స్కూటరు తీస్తూ "మా అన్నయ్యకీ ఇంతేనండి" అన్నాడు. పూలమ్మే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కాన్పయ్యాక వాళ్ళమ్మాయి ఎలా అయిపోయిందో చెప్పింది. ఒక్క వీధిలో, అరగంటలో.

పదిన్నరకు వెతకబోయినవాళ్ళ ఫోనొచ్చింది, ముక్తేశ్వరంలో గోదావరి రేవు దగ్గర ఉన్నారని. ఆటోలో వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ముందు లుంగీ తడిసిందేమోనని చూశాను. పొడిగానే ఉంది. అప్పుడు పక్కనే కూలబడ్డాను.

"ఇంటికి రాకుండా ఇక్కడేంటండీ?"

"వద్దామనే అనుకున్నాను. వస్తే మళ్ళీ బాగున్నట్టు కనపడాలి కదా."

"ఎప్పట్నుంచి?"

"మాత్రలు ఆపిన వారం నుంచీ. నువ్వేమో చాలా సంతోషంగా ఉన్నావు."

మర్నాడు కాకినాడ వెళ్ళాం. ఎన్నాళ్ళు వాడాలని నేను అడగలేదు.

సరే, బిల్లు. మిగిల్చాననుకున్నవి నాలుగు నెలలు. మందు మళ్ళీ మొదలై ఇప్పటికి పదకొండు నెలలు, ఇంకా నడుస్తోంది. వారంలో ఐదు రోజులు కొట్టు ఆయన తీస్తారు. తీయలేని రోజు నేను తీసి, అడిగినవాళ్ళకు ఆయనకు బాగోలేదని చెబుతాను, ఏం బాగోలేదో కూడా. ఆ పద్దులు నావి, కడుతున్నాను. ఇంకొకటుంది. ఆయన నవ్వినప్పుడల్లా అది నిజం నవ్వేనా అని ముఖంలోకి చూస్తాను. చూస్తున్నానని ఆయనకు తెలిసిపోతుంది, నవ్వు ఆగిపోతుంది. అది కడుతున్నది నేను కాదు, ఆయన.